రబ్బరు బిళ్లలు

మా మామగారు పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. సమాధి దగ్గర పాస్టరుగారు, "వేళ్ళు పట్టు తప్పగానే గొడవ లేకుండా ఫ్లూటు పక్కన పెట్టిన వినయశీలి" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. నా నోట ఆ ఆమెన్ అబద్ధం. అందుకే, పదో తరగతి పరీక్షల తరవాత ఇంత రాయని దాన్ని, యాభయ్యో ఏట కలం పట్టాను.

వినుకొండ దగ్గర మా ఊరి చర్చిలో తన చిన్నప్పటి నుంచీ ఆయనే ఫ్లూటు వాయించారు. వెదురుది కాదు. ఒక దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ఆయన తండ్రికి ఇచ్చిన నల్లచెక్క ఫ్లూటు. రంధ్రాల మీద లోహపు మీటలు, ఒక్కో మీట కింద గాలి పోకుండా మూసే మెత్తని బిళ్ల. అవి చెడిపోతే ఇక్కడ దొరకవు. అందుకని గొర్రెలకాపరి దగ్గర పాత గొంగళి ముక్క అడిగి తెచ్చి, గుండ్రంగా కత్తిరించి, మేకపేగు పల్చని పొర చుట్టి, లక్కతో అతికించేవారు. పేగు కడిగి, పొర ఒలిచి, పళ్ళెం మీద ఆరబెట్టే పని నాది.

పని నేర్పడంలో ఆయనకు దయ లేదు. బిళ్ల కింద సన్న కాగితం పెట్టి లాగేవారు. జారి వచ్చిందా, బిళ్ల పీకి నా ఒళ్ళో పడేసేవారు. "గాలికి మొహమాటం లేదే. కాస్త సందిస్తే నలుగుర్లో పరువు తీసుద్ది" అనేవారు. ఇవాళ నా కుట్టుపని తిన్నగా ఉందంటే ఆయన చలవే.

ఒకసారి బంధువులొచ్చినప్పుడు ధైర్యం చేసి అడిగాను. "మామయ్యా, నాకూ ఒక పాట నేర్పరాదూ?"

"నీకా? నీ ఊపిరి పొయ్యి ఊదేదానికి చాల్లే!"

అందరూ నవ్వారు. మా ఆడపడుచు, "పో వదినా, కూర మాడతంది, ఊదుపో" అంది. నేనూ నవ్వి వంటింట్లోకి వెళ్ళాను. ఆ రోజు ప్రార్థనలో ఆయన పేరు వదిలేశాను.

నాలుగేళ్ళ కిందట, గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే శ్రమదినాల్లో బిళ్లలు చిరిగాయి. ఆ నలభై రోజులూ మా ఇంటికి మాంసం రాదు. ఇక పేగు పొర ఎక్కడిది?

"ఏదోటి చూడవే. గుడ్ ఫ్రైడేకి నేను వాయించాల" అన్నారు.

రబ్బరు మన ఎండలకి అంటుకుపోతుందని నాకు చెప్పింది ఆయనే. అయినా పొర బదులు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టాను. అప్పటికే ఆయనకు చూపు ఆనదు.

"ఏందే ఇది, పొరేనా?"

"దాచిపెట్టింది ఉంది మామయ్యా."

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కాగితం పెట్టి లాగారు. జారలేదు. "చానా బాగా చేశావే" అన్నారు. నా పెళ్ళయ్యాక ఆయన నోట ఆ మాట అదే మొదటిసారి. నేను నోరు విప్పాల్సింది అప్పుడు. విప్పలేదు.

గుడ్ ఫ్రైడే. రేకుల చర్చి, మిట్టమధ్యాహ్నం. రెండో చరణంలో ఆయన వేలు తీశారు. మీట లేవలేదు. ఒకే స్వరం, కుక్క ఏడ్చినట్టు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అదే. వెనక వరసల్లో నవ్వులు. కీబోర్డు వాయించే ఆయన, "పెద్దాయనా, ఇంక కూకో. మేం చూసుకుంటాంలే" అన్నాడు. మామగారు ఫ్లూటు వైపు చూడలేదు. తన వేళ్ళ వైపు చూసుకున్నారు. ఆ క్షణం నాకు తియ్యగా ఉంది. దేవుడు చూస్తుండగా అబద్ధం రాయలేను.

మళ్ళీ ఆయన ఫ్లూటు పట్టగా ఎవరూ చూడలేదు. రోజూ అన్నం ముందు కుడిచెయ్యి చాపి నాకు చూపించేవారు. "చచ్చిన వేళ్ళే ఇయ్యి. ముద్ద కలపటానికే పనికొస్తయ్." నేను పప్పు వడ్డించేదాన్ని. నాలుగేళ్ళు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఆయన ఫ్లూటు పెట్టె తెరిచాను. మీటల కింద రబ్బరు లేదు. గొంగళి బిళ్లలు, వాటి మీద పేగు పొర. వంకర కోతలు, పక్కలకు కారిన లక్క. చూపు ఆనని మనిషి తడుముకుంటూ చేసిన పని. పెట్టె అడుగున, కాగితంలో పొట్లం కట్టి, నా రబ్బరు బిళ్లలు.

ఆయనకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. అన్నం దగ్గర ఆ చచ్చిన వేళ్ళ మాట నన్ను కాయడానికో, కోయడానికో కూడా తెలియదు. అడుగుదామంటే మనిషి లేడు.

ఈ పెట్టె తెరిచేవారికి మనవి. ఈ కాగితాలు ఆ పొట్లం పక్కనే ఉంచండి. పారేయకండి, ఎవరికీ చూపించకండి. చర్చిలో ఆయన్ని వినయశీలిగానే ఉండనివ్వండి.

నిన్న మధ్యాహ్నం ఎండలో కూర్చుని ఫ్లూటు పెదవికి ఆనించాను. స్వరం రాలేదు. పొయ్యి ఊదినట్టు గాలే వచ్చింది. మీట నొక్కి, వేలు తీశాను. వెంటనే లేచింది.