మందు మానేసిన మనిషి

మా ఆయన ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఒక పొద్దున కుడికాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బింది. దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేవాడు. బ్రేకు తొక్కలేక బండిని శంషాబాద్‌లో మా ఇంటి ముందే ఆపేశాడు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి గోళీలతో కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. తగ్గకపోయేసరికి నేనే వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్లాను.

డాక్టరుగారు కోస్తా వైపు మనిషి, మాట మెత్తన. వేలు చూసి గౌట్‌లా ఉందన్నారు. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లలో చేరుతుందట.

"మందు తీసుకుంటారా?" అని అడిగారు.

"తీస్కుంటున్న సార్. పొద్దున, రాత్రి."

"ముందు అది మానేయండి. రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక గోళీలు రాస్తాను. అప్పటిదాకా ఐసు పెట్టుకోండి."

మా ఇళ్లలో సారా పేరెత్తితేనే తోబా అంటారు. శుక్రవారం నమాజు తప్పని మనిషి, పొద్దున కూడా తాగుతున్నాడా? పార్కింగులో ప్యాసింజరు కోసం గంటలకొద్దీ కూర్చునే డ్రైవర్ల గురించి విన్నవన్నీ గుర్తొచ్చాయి. ఆటోలో ఆయన కాలు పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. నాకు ముక్కుమీద కోపం, పైగా అంతా తెలిసిపోయిందన్న పొగరు.

రిపోర్టు వచ్చేదాకా ఆయన మంచం మీద మూలుగుతుంటే నేను వంటింట్లో గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను. ఆయనకు చెమటలు పట్టేవి, చేతులు వణికేవి. తాగుడు మానితే ఇంతేలే అనుకున్నాను. "జర ఐసు పెడ్తవా" అని అడిగితే గిన్నె మంచం పక్కన పడేసి వచ్చేశాను. ఆ వేలు చూస్తే జాలేసేది. జాలేసినందుకు ఇంకా ఒళ్లు మండేది.

రిపోర్టులో యూరిక్ యాసిడ్ ఎక్కువే వచ్చింది.

"మందు మానేశారా?" అన్నారు డాక్టరుగారు.

"మానేసిన సార్. పానం పోతున్నది. ఆ నొప్పి గోళీలు జర మళ్ల ఏస్కోవచ్చా?"

డాక్టరుగారికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అయ్యో, నేనడిగింది తాగే మందు గురించండీ!" అని పగలబడి నవ్వారు. మా ఆయన చెంపలు వేసుకుని, "తోబా తోబా! నేనెప్పుడు ముట్టలే సార్" అన్నాడు. నేనూ నవ్వాను. నాకు ముందే తెలుసన్నట్టు గట్టిగా నవ్వాను. లోపల మాత్రం చచ్చిపోయాను.

వాపుకి గోళీలు రాశారు. యూరిక్ యాసిడ్ తగ్గించేవి తర్వాత మొదలుపెడదామన్నారు. పాయా, కలేజీ లాంటి మాంసం జోలికి పోవద్దన్నారు. కొద్ది రోజుల్లో వాపు తగ్గింది.

ఒక సాయంత్రం ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయనే మెల్లగా అన్నాడు: "బండి ఆగిపాయె, ఇంట్ల కూసోని తింటున్నడని కోపానికొచ్చినవ్ అనుకున్న. తప్పు లేదు తీ, ఎవరికైన వస్తది."

కాదని చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. తాగుబోతు అనుకున్నానని ఏ నోటితో చెప్పను? పాదం నిమురుతూ కూర్చున్నాను.

మొన్న వేలు మళ్లీ ఎర్రబడింది. ఆయన నాకు చెప్పలేదు. గోడ పట్టుకుని గుమ్మం దాటి, "పోయొస్త" అంటూ బండి తీశాడు.