అక్టోబరులో విప్పిన ఇల్లు

పి.గన్నవరం అక్విడెక్టు దాటి కాలవగట్టున రెండు మైళ్ళు నడిస్తే మా పేట వస్తుంది. డెబ్భైలలో అక్కడ పెంకు కప్పులు మూడే ఉండేవి. చర్చిది, పాస్టరు సీమోను అయ్యగారి బంగళాది, మిషను బడిలో మేష్టర్ని గనక నా ఇంటిది. మిగతావన్నీ తాటాకు ఇళ్ళు. వాటిని నేసింది ఒక్క మనిషి, అచ్చాయమ్మ.

మొదట ఆవిడ మొగుడు దానం నేసేవాడు. డెబ్భై రెండులో ఎవరి కప్పు మీంచో జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పటిదాకా కిందనుంచి ఆకు అందించిన అచ్చాయమ్మ, చీర గోచీ పోసుకుని తనే నిచ్చెనెక్కింది. ఆడది ఇల్లెక్కడమేమిటని ఇకిలించినవాళ్ళే, రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడ వాకిట్లో పడిగాపులు కాశారు. ఆవిడ చేతి కప్పు మూడు వానాకాలాలు చుక్క కారేది కాదు. దానం పోయాక కూడా ఆ పనిమీదే కూతురు కృపమ్మని పెంచి, రాయవరం సంబంధం చేసింది.

ఇల్లు నేయడానికి ఒక కాలం ఉంది. మార్చిలో ఆకు కొట్టించి, బరువులు పెట్టి చదును చేసి, ఎండలు ముదిరేలోగా కప్పు పూర్తి చేస్తారు. చూరు దగ్గర మొదలుపెట్టి, కింది వరస మీద పై వరస పడేలా పైన కొప్పు దాకా వెళ్ళాలి. అక్టోబరంటే తుఫాన్ల నెల. ఆ నెలలో ఇల్లు విప్పే బుద్ధి మా సీమలో పిచ్చివాడికి కూడా పుట్టదు. సీమోను అయ్యగారికి పుట్టింది.

ఎక్కడో కొండల మీద, దొరల పిల్లలూ పెద్ద ఉద్యోగస్తుల పిల్లలూ చదివే క్రైస్తవ అంతర్జాతీయ పాఠశాల ఒకటుంది. ఏటా అక్టోబరులో అక్కడి పిల్లలు ఒక వారం పల్లెలకెళ్ళి సేవ చెయ్యాలట, దానికి మార్కులు కూడా ఉంటాయట. ఎనభై ఒకటిలో వాళ్ళు మా పేటకి వస్తామని రాశారు. ఏం సేవ చేయిద్దామా అని అయ్యగారు పేటంతా తిరిగి చూశారు. అచ్చాయమ్మ ఇల్లు వంతెన పక్కనే ఉంది, వ్యాను తిన్నగా వాకిట్లో ఆగుతుంది, ఫొటోలో కాలవా కొబ్బరిచెట్లూ పడతాయి. ఏప్రిల్లో ఆవిడ శుభ్రంగా నేసుకున్న కప్పుని ఆయన మనుషుల్ని పెట్టి విప్పించారు. బీద విధవరాలి ఇల్లు నేసిపెట్టడం పిల్లలకి మంచి పాఠమట! ఊరందరి ఇళ్ళూ నేసిన మనిషికి ఇల్లు నేసిపెట్టడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పిల్లలు చెడ్డవాళ్ళు కారు. పాటలు పాడుతూ, అరచేతులు చీరుకుపోతున్నా సరదాగా పనిచేశారు. కాకపోతే కొప్పు దగ్గర మొదలుపెట్టి చూరుకి దిగారు. అలా నేస్తే ప్రతి వరసా నీళ్ళని తిన్నగా ఇంట్లోకే పంపుతుంది. అచ్చాయమ్మ కిందనుంచి చెయ్యి ఊపుతూ చెబుతూనే ఉంది, వాళ్ళు కూడా నవ్వుతూ చెయ్యి ఊపారు. సాయంత్రం ప్రార్థన చేసి, ఫొటోలు తీసుకుని, వ్యానెక్కి పోయారు. మర్నాడు ఆవిడ మొత్తం విప్పి మళ్ళీ నేసుకుంది. చుట్టాల పిల్లలు ముచ్చటపడ్డారనుకుంటే సరిపోతుంది లెమ్మంది.

ఒక ఏడైతే అలాగే సరిపోయేది. ఆ ఫొటోలు కొండమీద బడివాళ్ళకి తెగ నచ్చాయి. మరుసటేడూ వచ్చారు, ఆపై ఏడూ వచ్చారు. ఒకసారి అయ్యగారు పక్కింటి పోలమ్మ ఇల్లు అడిగితే, ఆవిడ చీపురు తిరగేసింది. ఆ పాటి నోరు అచ్చాయమ్మకి లేదు. అందుకని ప్రతి అక్టోబరూ ఆవిడ కప్పే లేచిపోయేది.

ఇదంతా కడుపు మండి చెబుతున్నాను గాని, అందులో నా చెయ్యీ ఉంది. వచ్చినవాళ్ళకీ పేటకీ మధ్య దుబాసీని నేనే. వాళ్ళ టీచరమ్మ ఒక పెద్దావిడ. ఏటా పని మొదలుపెట్టేముందు అచ్చాయమ్మ ఎదుట నిలబడి, ఈమెకి ఇది ఇష్టమేనా అడగండి అనేది. అడక్కుండా ఏనాడూ కప్పు విప్పడానికి నిచ్చెన వెయ్యనివ్వలేదు.

ఎనభై నాలుగులో కృపమ్మ పురిటికి వచ్చింది. వాళ్ళు వచ్చేనాటికి పసిపిల్లకి తొమ్మిది రోజులు. అప్పటికే బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియో చెబుతోంది. అచ్చాయమ్మ అయ్యగారి కాళ్ళావేళ్ళా పడింది, ఆయన ఒక్క పూట పనేగా అన్నారు. ఇక లాభం లేదని టీచరమ్మ ఎదుటే నాతో చెప్పింది.

"ఈ ఏడు వద్దని చెప్పండి మేష్టారూ. ఇంట్లో పురిటిబిడ్డ ఉందండి. విప్పితే మళ్ళీ నేయడానికి నా ఒంట్లో సత్తువ లేదండి."

నా పక్కన అయ్యగారు నిలబడి ఉన్నారు. మా అమ్మాయి ఇందిరకి ఆ కొండమీది బడిలో ఉచితంగా సీటు ఇప్పించమని దరఖాస్తు పెట్టుకుని నెల అయింది. దానిమీద సంతకం చెయ్యాల్సింది ఆయనే. టీచరమ్మ నా మొహంలోకి చూస్తోంది. మనవరాలు పుట్టింది, ఆ సంతోషంలో మిమ్మల్ని దీవిస్తోంది అని ఇంగ్లీషులో చెప్పాను. ఎంత చక్కగా చెప్పానో! టీచరమ్మ కళ్ళు చెమర్చాయి. ఆ మాట తలుచుకుంటే నా నోరు నాకే కంపు కొడుతుంది.

నాలుగింటికి వ్యాను వెళ్ళింది, అయిదింటికి వాన పట్టుకుంది. కొప్పునుంచి చూరుదాకా ధారలు కట్టింది. చర్చి తెరవమని అడిగితే, పురిటి మనిషిని చర్చిలో ఎలా పడుకోబెడతామన్నారు అయ్యగారు. మా వరండాలో చోటిచ్చి, వేడిపాలు ఇమ్మని మా ఆవిడకి పురమాయించి, పెద్ద ఉపకారిలా ఎదురుగా కూర్చున్నాను. అచ్చాయమ్మ తడిసిన పిల్లని చీరకొంగుతో తుడుస్తూ అడిగింది.

"నేనన్నది ఆ అమ్మగారికి చెప్పేరా అండీ?"

"ఆయ్, చెప్పేను," అన్నాను.

"అయినా వినలేదన్నమాట," అంది.

పిల్లకి ఊపిరి ఆడక అమలాపురం ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారు. బతికింది గాని, ముసురు పడితే చాలు పిల్లికూతలు మొదలవుతాయి. మా ఇందిరకి సీటు వచ్చింది. నేను మిఠాయిలు పంచాను. అచ్చాయమ్మ కూడా తీసుకుంది, మా అమ్మాయి బాగా చదవాలని మనసారా దీవించింది.

ఆ తరవాత కూడా ఏటా కప్పు విప్పుతూనే ఉన్నారు. ఎనభై ఎనిమిది అక్టోబరులో వచ్చిన గుంపులో ఇందిర ఉంది. తొమ్మిదో క్లాసు, జట్టువాళ్ళ చొక్కా వేసుకుని వ్యాను దిగింది. ఆ పొద్దున నాకు జ్వరం. తెలుగొచ్చిన పిల్ల ఉంది కదా, ఫరవాలేదని టీచరమ్మ కబురు పంపింది. నేను ముసుగుతన్ని పడుకున్నాను.

తొమ్మిదింటికల్లా ఇందిర ఇంటికి వచ్చింది. అప్పుడే ఎందుకొచ్చావన్నాను.

"అచ్చాయమ్మగారు వద్దన్నారు నాన్నా. ఆ మాటే మా టీచరుతో చెప్పాను. వెంటనే నిచ్చెన తీయించేసి, ఆవిడ చేతులు పట్టుకుని క్షమాపణ అడిగింది. ఏటా అడుగుతున్నా ఇష్టమేనని చెప్పేవారు, ఇవాళేమైందని నన్నే అడుగుతోంది. ఏటా చెప్పింది మీరే కదా?"

అప్పుడు చూశాను, ఇందిర వెనక గుమ్మం దగ్గర అచ్చాయమ్మ నిలబడి ఉంది. నాకు జ్వరమని తెలిసి గిన్నెలో జావ తెచ్చింది. గిన్నె మా అమ్మాయి చేతికిచ్చింది.

"ఆ అమ్మగారు వినే మనిషే అండి మేష్టారూ," అంది.