బ్యాక్ కొడితే ఆగిపోయిన ఏరేటర్లు

మొన్న ఏం జరిగిందో తెలుసా? రాజమండ్రిలో నా కుర్చీలోంచి కదలకుండా, భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల్ని దాదాపు చంపేశాను.

నేను మొబైల్ యాప్‌లు రాస్తానని మీకు తెలుసుగా. బాబాయి చెరువులో గాలి కొట్టే ఏరేటర్లను ఫోన్‌లోంచే నడపడానికి ఓ యాప్ చేసిచ్చాను. "ఆపు" నొక్కితే "నిజంగా ఆపాలా?" అని చిన్న డైలాగ్ వస్తుంది. అవును, వద్దు అని రెండు బటన్లు. ఎంత జాగ్రత్తో చూడండి.

ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. అలాంటప్పుడు ఏరేటర్లు ఆగితే రొయ్యలకి ఊపిరాడదు. పదకొండింటికి బాబాయి ఫోన్.

"అమ్మాయ్, ఏరేటర్లు వాటంతటవే ఆగిపోయాయే. రొయ్యలు పైకి తేలుతున్నాయి."

"ముందు స్టార్ట్ నొక్కు బాబాయ్" అన్నాను. నొక్కాడు, తిరిగాయి. హమ్మయ్య అనుకునేలోపే, "తడి వేలు తగిలిందే, ఆపాలా అని అడుగుతోంది. ఏం చెయ్యమంటావ్?" అన్నాడు.

"ఏం నొక్కకు. బ్యాక్ కొట్టెయ్, పోతుంది."

కొట్టాడు. ఫోన్‌లో ఏరేటర్ల చప్పుడు టక్కున ఆగిపోయింది.

అప్పుడు వెలిగింది నాకు. "వద్దు" నొక్కితే తప్ప, డైలాగ్ ఎలా మూసుకుపోయినా "అవును" కిందే లెక్కేసేలా రాశాను. టెస్ట్ చేసినప్పుడు రెండు బటన్లూ నొక్కి చూశాను గానీ, బ్యాక్ కొట్టి చూడాలని తట్టనే లేదు. మొదటిసారి ఆగినప్పుడు కూడా బాబాయి కొట్టింది బ్యాకే.

"బాబాయ్, మళ్లీ స్టార్ట్..." అంటున్నాను. ఫోన్‌లో బాబాయి వెనక నుంచి పిన్ని గొంతు. "మీ ఇద్దరూ ఆ ఫోన్లు అవతల పెట్టండి." చెరువు గట్టు మీది షెడ్డులోకెళ్లి మోటార్ స్టార్టర్ మీద పచ్చ బటన్ నొక్కేసింది. రొయ్యలు కిందకి దిగాయని బాబాయి చెప్పేదాకా నేను కుర్చీలో బిగుసుకుపోయే ఉన్నాను.

సాయంత్రానికి సరిచేసి కొత్త వెర్షన్ పంపాను. భయం కదా, అసలు బ్యాకే పనిచెయ్యకుండా కట్టేశాను.

కాసేపటికి పిన్ని ఫోన్‌లోంచి బాబాయి చేశాడు. "అమ్మాయ్, ఇందులోంచి బయటికి రావడం కుదరట్లేదే."

"అయ్యో, ఇప్పుడే సరిచేస్తానుండు బాబాయ్."

"వద్దులే తల్లీ, నేను ఇందులోనే ఉంటాను. నువ్వు మాత్రం ఇంకేం ముట్టుకోకు."