మల్లేశన్న తీసిన నీమా ఫోటో

నిన్న పొద్దున పంజాగుట్టలోని నా స్టూడియోకు ఒక అమ్మాయి పాస్‌పోర్టు సైజు ఫోటో కోసం వచ్చింది. స్టూలు మీద కూర్చునే ముందు బ్యాగులోంచి పౌడరు డబ్బా తీసి, అద్దం ముందు నిలబడి ముఖానికి దట్టంగా అద్దుకుంది. చిన్న గది కదా, క్షణంలో పౌడరు వాసన నిండిపోయింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు అమీర్‌పేట గల్లీలో మల్లేశన్న స్టూడియో కళ్లముందుకు వస్తుంది. ఆయన నాకు ఈ పని నేర్పిన మనిషి. నిరుడు పోయాడు. మీలో ఎవరికీ ఆయన తెలిసే అవకాశం లేదు కాబట్టి చెబుతాను.

నేను కాకినాడ నుంచి కంప్యూటర్ కోర్సు చేద్దామని అమీర్‌పేట వచ్చి, ఆ కోర్సు నా తలకెక్కక, హాస్టలు ఖర్చుకైనా పనికొస్తుందని ఆయన దగ్గర ఉద్యోగంలో చేరాను. మొదటిరోజు "మల్లేశ్ గారూ" అని పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలుస్తున్నాననుకుని. "గారు గీరు ఏంది బిడ్డా, అన్న అను చాలు" అన్నాడు. స్టూడియోలో ఒక అద్దం, దాని కింద దువ్వెన, పౌడరు డబ్బా, గోడకు ఒక నల్లకోటు. ఇంటర్వ్యూలకు వెళ్లే కుర్రాళ్లందరూ ఆ ఒక్క కోటులోనే దూరి ఫోటో దిగేవాళ్లు. పొడుగువాడైనా పొట్టివాడైనా భుజాల వరకే కదా కనబడేది. ఇక ఆయన అసలు విద్య కంప్యూటర్ ముందు మొదలయ్యేది. ఎంత నల్లని ముఖమైనా నాలుగు నొక్కులు నొక్కి పాలమీగడలా చేసేవాడు. మచ్చలు పోయేవి, మొటిమలు పోయేవి, ఒక్కోసారి మనిషి కూడా పోయేవాడు. "పోరగాండ్లు ఊరు ఇడిసిపెట్టి నౌకరీ కోసం వచ్చిండ్రు. మొఖం జర తెల్లగుంటే ధైర్యమొస్తది" అనేవాడు. అది ఆయన మంచితనమే, నిజంగా. నేనూ చామనఛాయ కన్నా ఇంకాస్త నలుపే. పెళ్లి సంబంధాల కోసం నా ఫోటో కూడా ఆయనే అలా 'మంచిగ' చేసి ఇచ్చాడు. దాన్ని మా అమ్మ ఊరంతా చూపించుకుంది. నేను మాత్రం రెండోసారి చూడలేదు.

నీమా టాంజానియా నుంచి వచ్చిన అమ్మాయి. మా నగరంలోని ఒక కాలేజీలో ఫార్మసీ చదువుతూ ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండేది. తోటి అమ్మాయిల దగ్గర తెలుగు, హిందీ కలగలిపి నేర్చుకుంది. వీసా పొడిగింపుకు ఆన్‌లైన్‌లో అప్లికేషన్ పెట్టాలని, అదే చివరిరోజని, పరుగున ఫోటో దిగడానికి వచ్చింది. మల్లేశన్న తన అలవాటు ప్రకారం తన విద్యంతా చూపించాడు. తెర మీద చూసి నీమా పకపకా నవ్వింది.

"ఇది నేనేనా అన్నా?"

"నువ్వే అమ్మా. జర మంచిగ చేసిన, అంతే."

పని తెలిసినవాడు చెబుతున్నాడు కదా అని ఆ ఫోటోనే పంపించేసింది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది, ఈసారి నవ్వు లేదు. ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి వచ్చిన మెసేజ్ ఫోన్‌లో చూపించింది. ఫోటో పాస్‌పోర్టుతో సరిపోలడం లేదు, ఒరిజినల్ కాగితాలతో, కొత్త ఫోటోలతో స్వయంగా హాజరు కావాలి. అపాయింట్‌మెంట్ మర్నాడే. వీసా గడువు దగ్గర పడింది, ముందున్నవి చివరి సంవత్సరం పరీక్షలు. "వాళ్లు నమ్మకపోతే పరీక్ష రాయకుండానే వెళ్లిపోవాలి అన్నా" అంది.

మల్లేశన్న లేచి షట్టరు సగం దించాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. చెడగొట్టింది నేను, నేనే సక్కగ చేస్త" అన్నాడు. అన్నాడే గాని అంత సులువేం కాదు. తెల్లని గోడ ముందు ఆయన అలవాటు లైట్లతో తీస్తే ముఖంలో కళ్లు తప్ప ఏమీ కనబడలేదు. ఇన్నాళ్లూ ఆ లోటును కంప్యూటర్‌తో కప్పేసేవాడు. ఇప్పుడు కంప్యూటర్ ముట్టనని పట్టుబట్టాడు. నీమాకు చాయ్ తెప్పించి బెంచీ మీద కూర్చోబెట్టి, నా వైపు తిరిగాడు.

"అమ్మాయిని ఊకె కూసోబెట్టి నా తిప్పలు పడుడు బాగుండదు. నువ్వు కూసో పద్మా."

స్టూలును గోడకు దూరంగా జరిపాడు. ఒక లైటును పక్కకు తిప్పి, ముఖానికి దగ్గరగా తెచ్చాడు. రెండోవైపు టీవీ డబ్బాలో వచ్చిన థర్మాకోల్ ముక్కను, వెలుతురు తిరిగి ముఖం మీద పడేలా, కుర్చీకి ఆనించి నిలబెట్టాడు. తీశాడు, తల అడ్డంగా ఊపాడు, జరిపాడు, మళ్లీ తీశాడు. నాకు మెడ పట్టేసింది. చివరికి తెరను నా వైపు తిప్పాడు.

అందులో ఉన్నది నేను. చెంప మీద చిన్నప్పటి ఆటలమ్మ మచ్చ, మా నాన్న పోలిక నుదురు, ఎండాకాలం మట్టికుండ రంగు. ముందు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆ తర్వాత, నేను బాగున్నాను అనిపించింది. ఎవరూ చెప్పకుండా నాకు నేనే అలా అనుకోవడం అదే మొదటిసారి. మల్లేశన్న నా ముఖం చూసి ఏం కనిపెట్టాడో, "ఇన్నొద్దులు నేను ఏం చేసిన్నో ఏమో బిడ్డా" అని మెల్లగా అని నీమాను స్టూలు మీదికి పిలిచాడు.

మర్నాడు స్టూడియోకు తాళం వేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తయారయ్యాడు. "అమ్మాయి ఒక్కతే ఎందుకు, నువ్వు సుత రా" అంటే ముగ్గురం బస్సెక్కాం. దారంతా నీమా పాస్‌పోర్టు, కాలేజీ ఉత్తరం, హాస్టలు కాగితాలు తీసి చూసుకుంటూ, మళ్లీ కవర్లో పెట్టుకుంటూనే ఉంది. ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమెను ఒక్కదాన్నే లోపలికి పంపాడు. మేం బయట నిలబడ్డాం. కాసేపటికి నీమా బయటికి వచ్చి, "ఫోటో ఎవరు తీశారని అడుగుతున్నారు" అంది. మల్లేశన్న చెప్పులు విడిచి లోపలికి నడిచాడు, అక్కడ విడవనవసరం లేకపోయినా.

లోపల ఏం జరిగిందో నీమా చెబితే విన్నాను. ఆయన అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "సార్, తప్పు ఆమెది కాదు. నల్లగున్నోళ్లను తెల్లగ చేసుడు నాకు అలవాటయిపోయింది. ఆమె అడగలే, నేనే చేసిన" అన్నాడట. అధికారి పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి, నీమా వంక చూసి, "మా అమ్మాయి పెళ్లి ఆల్బమ్ కూడా మీలాంటాయనే తీశాడయ్యా. మా పిల్ల ఏదో మేమే వెతుక్కోవాల్సి వచ్చింది" అన్నాడట. కొత్త ఫోటో తీసుకున్నారు. కొద్దిరోజుల్లో పొడిగింపు వచ్చింది, నీమా పరీక్షలు రాసింది. వెళ్లిపోయే ముందు ఆ ఫోటోనే పెద్దదిగా ప్రింటు వేయించుకుంది, వాళ్లమ్మకు ఇవ్వడానికి.

ఆ తర్వాత మల్లేశన్న ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ప్రింటు తీసే ముందు తెరను ఫోటో దిగిన మనిషి వైపు తిప్పి, "నువ్వేనా? జర చూసి చెప్పు" అని అడిగేవాడు. తెల్లగా కావాలని మొండికేసినవాళ్లకు చేసి ఇచ్చేవాడు, కానీ అసలు ఫోటో చూపించకుండా మాత్రం చేసేవాడు కాదు. కొందరు విసుక్కుని పక్క స్టూడియోకు పోయేవారు. కొందరు అసలుదే చాలనేవారు. వాళ్లు వెళ్లాక ఆయన నాకేసి చూసి కళ్లెగరేసేవాడు, పందెం గెలిచినట్టు.

ఆయన పోయినప్పుడు, గోడకు పెట్టే ఫోటో చేసి ఇమ్మని ఆయన భార్య, మా వదిన, నన్నే అడిగింది. తన స్టూడియోలో తనే ఎప్పుడో ఫోటో దిగాడు, మా గల్లీ కుర్రాళ్లు తొడుక్కున్న ఆ కోటుతోనే. కంప్యూటర్‌లో దాన్ని తెరిచాను. వదిన నా వెనక నిలబడి, "మస్తు నల్లగున్నడు పద్మా, జర కలర్ పెంచరాదా? పది మంది చూస్తరు" అంది. నా చెయ్యి మౌస్ మీదే ఉంది. నాలుగు నొక్కులు, అంతే. నొక్కలేదు. తెరను ఆమె వైపు తిప్పాను.

"వదినా, ఈయన మల్లేశన్నేనా? చూసి చెప్పండి."

ఆమె చాలాసేపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయననే" అంది. "గట్లనే ఉండనియ్యి."

నిన్న ఆ పౌడరు అమ్మాయి ఫోటో తీశాక తెరను ఆమె వైపు కూడా తిప్పాను.