అబ్బకు గుర్తు చేయొద్దు

మతిమరుపు జబ్బు ముదిరాక మా అబ్బకు నా పేరు పోయింది, ఇంటి దారి పోయింది, రోజా ఉపవాసం మాత్రం పోలేదు. రంజాన్ వచ్చిందంటే చాలు, తెల్లారకముందు తినే సహరీకి మాకంటే ముందే లేచి కూర్చుంటాడు. వద్దంటే వినడు. "నా రోజాకు నువ్వెవరు అడ్డం?" అని కసురుకుంటాడు. మధ్యాహ్నానికి ఆ సంగతే మరిచి అరటిపండు ఒలుచుకుంటాడు. మరిచి తింటే రోజా పోదని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఒకసారి పక్కింటాయన "రోజా కదా చాచా!" అన్నందుకు సాయంత్రం దాకా గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆ ఏడుపు చూశాక అమ్మీ, నేను ఒకటే మాట అనుకున్నాం. తింటే తిననీ, గుర్తు మాత్రం చేయొద్దు.

ఆ రోజు పంజాగుట్టలో నేను పనిచేసే చీరల షోరూంకి అమ్మీ ఫోన్ చేసింది.

"అసర్ నమాజుకు పోయిండు మీ అబ్బ. ఇంకా రాలే. మసీదుల సుత లేడంట!"

ఆ ట్రాఫిక్‌లో ఆటో కదలదని ఇంటివైపు నడకే పరుగు చేశాను. మెట్రో పిల్లర్ల కింద కనిపించిన ప్రతి తెల్ల టోపీ వెనకా పడ్డాను. ఎక్కడో బస్సు బ్రేకు కీచుమంటే అటు తిరిగి చూడ్డానికి కూడా భయం. నేర్చుకున్న దువాలేవీ నోటికి రాలేదు. "యా అల్లా, ఆయన్ని రోడ్డు దాటనివ్వకు," అదొక్కటే.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల గల్లీలో దొరికాడు. నెత్తిన టోపీతో, బజ్జీల బండి దగ్గర నిలబడి, హాయిగా మిరపకాయ బజ్జీ తింటున్నాడు! నేనిక్కడ చచ్చి బతుకుతుంటే ఈయనకు బజ్జీలా అని ఒళ్ళు మండింది. మరుక్షణం వెళ్ళి ఆయన మోచేయి పట్టుకున్నాను.

"మీ నాన్నగారా అండీ?" అంది బండి ఆవిడ. "ఇదేంటి, రంజాన్ కదా, ఈయన..."

కళ్ళెర్రజేశాను. పాపం, జల్లిగంటె అలాగే పట్టుకుని నోరు మూసుకుంది.

"వచ్చినవా బేటీ?" అబ్బ బజ్జీల కాగితం నా ముందుకు జరిపాడు. "తిను. పొద్దుగాల్ల నుంచి ఏం తిన్నవో ఏమో."

"ఆకలి లేదు అబ్బా."

"ఆకలి లేకపోవుడేంది? పెదవులు సూడు, ఎట్ల ఎండినయో."

అంటూనే ఆగిపోయాడు. నా పెదవుల వైపే చూస్తున్నాడు. చేయి మెల్లగా టోపీ మీదికి పోయింది.

"ఇయ్యాల... ఏం దినం బేటీ?"

ఏం చెప్పను? ఆడవాళ్ళకు నెలలో రోజా మాఫీ ఉండే రోజులున్నాయి. ఆ సాకు చెప్పినా రోజా మాట రాక తప్పదు. ఇంకొక్క క్షణం ఆగితే గుర్తొచ్చేస్తుంది, ఆ ఏడుపు ఈ నడిరోడ్డు మీద మొదలవుతుంది. నా రోజా గుర్తుండగానే బజ్జీ తీసుకుని కొరికాను.

"మస్తున్నది కదా?" అబ్బ మొహం విప్పారింది.

"మస్తున్నది అబ్బా."

నా కళ్ళల్లో నీళ్ళు చూసి కారం తగిలిందనుకున్నాడు. బండి ఆవిడను నీళ్ళడిగి తనే తాగించాడు.

పొద్దుగూకి రోజా విడిచే మగ్రిబ్ వేళకు ఇంట్లో దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి కూర్చున్నాం. ఇప్పుడు రోజా బాగా గుర్తుంది ఆయనకు, బజ్జీలే గుర్తు లేవు. ఖర్జూరం చేతిలో పట్టుకుని గట్టిగా దువా చేశాడు.

"యా అల్లా, నా బిడ్డ దినమంత ఉపాసముండి పని చేసొచ్చింది. నా రోజా కన్న ముందు దాని రోజా కబూల్ చెయ్యి."

అమ్మీ ఆమీన్ అంది. నేను అనాలో వద్దో తెలియక, చేతులు చాచి అలాగే కూర్చున్నాను.