ఎండలో పెట్టిన బొమ్మ మిల్లు

మా శెనక్కాయల మిల్లుకు నేను చేసిన బొమ్మలో రైలు తనంతట తానే నడిచేదనీ, మిల్లు గొట్టంలోంచి పొగ వచ్చేదనీ, దాన్ని చూసి రైల్వే దొర టోపీ తీసి నిలబడ్డాడనీ మనవళ్ళకు చెబుతుంటాను. రైలు నడిచిన మాట నిజమే. నడిపింది చెక్క కింద నుంచి నేను లాగిన దారం. పొగ నా బీడీది. టోపీ సంగతి చివర చెబుతాను.

అరవైల మొదట్లో అనంతపురానికి దగ్గరలో, ఒక చిన్న స్టేషను పక్కనున్న మిల్లులో నేను లెక్కలు రాసే రైటరును. మా సావుకారి కొత్త గోదాము కట్టించి, దాని పక్కదాకా వ్యాగన్లు వచ్చి నిలిచే పట్టాలు, ఒక సైడింగు, వేయించుకోవాలనుకున్నాడు. రైల్వేవాళ్ళకు గీతల కన్నా బొమ్మ బాగా అర్థమవుతుందని నన్ను చేయమన్నాడు. మేస్త్రి కూడా దాన్ని చూసే పునాదులు తీస్తాడన్నాడు.

పాత తలుపు చెక్క మీద మొదలుపెట్టాను. రేకు డబ్బా కత్తిరించి పట్టాలు చేశాను. అగ్గిపెట్టెలు వ్యాగన్లయ్యాయి, అట్టముక్కలు గోదామయ్యాయి. బస్తాలకు బదులు చింతగింజలు. గంజిలో ఎర్రమట్టి కలిపి నేలంతా పూశాను. అంతవరకు మా సీమే. తర్వాత చెయ్యి ఆగలేదు. రంపపు పొట్టుకు పచ్చరంగు వేసి గడ్డి పరిచాను. అద్దం ముక్కలతో మా ఊరి వాగును, వంకంటాం మేం, నిండుగా పారించాను. ఆ వంకలో మేం నీళ్ళు చూసి మూడేళ్ళయింది.

మధ్యాహ్నం సంగటి తిని, వేరుశెనగ పప్పులో పుచ్చులు ఏరే ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చారు. వాళ్ళలో పెద్దామెను మిల్లంతా అవ్వా అనే పిలిచేది. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఏమప్పా రైటరూ, ఇది యా దేశం? ఇన్ని నీళ్ళు యాడనుంచి తెచ్చినావు?”

అందరూ నవ్వారు. ఆమె ఇంకా వంగి వెతికింది. “మమ్మల్ని యాడ కూర్చోబెట్టినావు?”

వాళ్ళ సంగతి నాకు గుర్తే లేదు. ముందే ఆలోచించి పెట్టినట్టు, గోదాముకు పడమర, బండ్ల దారి పక్కనున్న ఖాళీ జాగా చూపించాను. తూర్పున, పట్టాల వైపు, బస్తాలు వరసగా ఉన్నాయి.

అవ్వ నవ్వు ఆగిపోయింది. కిందటి ఎండాకాలం ఆమె కోడలు బయట కూర్చుని ఏరుతూ ఏరుతూ సొమ్మసిల్లి చాట మీదే పడిపోయింది. కొత్త గోదాము లేస్తే కాస్త నీడ దొరుకుతుందని ఆడవాళ్ళంతా ఆశపెట్టుకున్నారు. మేస్త్రి మర్నాడే వస్తున్నాడు.

ఆమె నలుగురిని పిలిచి చెక్కను ఎత్తించి, ఎండలో పెట్టించింది. బొమ్మ పట్టాలు స్టేషను పట్టాల వరసకు వచ్చేదాకా తిప్పించింది. అప్పుడు మూడు గంటలై ఉంటుంది. అట్ట గోదాము నీడ తూర్పుకు వాలి, నా చింతగింజల మీద చల్లగా పరుచుకుంది. మనుషులకని చూపిన జాగా మాత్రం ఎండలో భగభగమంటోంది.

“బస్తాలు సొమ్మసిల్లుతాయా, రైటరప్పా?” అంది అవ్వ.

గుంపు చూసి సావుకారి వచ్చాడు. జాగాలు తారుమారు చేయమంటున్న సంగతి విని, బస్తాలు పట్టాలకు దూరమైతే మోసేదెవరని అడిగాడు.

“ఏరినంక మూట మా ముందరే కడతారు కదా సామీ. మేం ఈడ కూర్చుంటే రైలు పెట్టెకు నాలుగడుగులు. ఏరని బస్తాలు బండి దిగిన కాడనే ఉండనీ, ఎండితే మంచిదే.”

“మరి పొద్దునపూట ఎండ ఈ పక్కనే కదా?”

“అది చలి కాచుకునే ఎండ సామీ. మనిషిని పడేసేది మధ్యాహ్నందే.”

సావుకారి చెక్క చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చింతగింజలు తనే ఏరి పడమటికి మార్చాడు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు గోడ నీడ చాలదని, తూర్పు గోడకు ఒక వసారా కూడా అతికించమన్నాడు. బీడీకట్ట కాగితంతో అతికించాను. సిగ్గేసి, వంకలోని అద్దాలు పీకబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. “ఉండనీలేప్పా, నీళ్ళు యాపొద్దో ఒకపొద్దు వస్తాయిలే,” అంది.

మేస్త్రి బొమ్మలో ఉన్నట్టే కట్టాడు. ఆ వసారా ఆలోచన నాదేనని చాలా ఏళ్ళు చెప్పుకు తిరిగాను. ఇప్పుడు కూడా అలాగే రాయబోయి కొట్టేశాను.

ఇక దొర. మేం దొర అనేవాళ్ళమే గానీ ఆ రైల్వే ఆఫీసరు మా సీమవాడే. సైడింగుకు జాగా చూడ్డానికి ఆయన వచ్చేసరికి గోదాము లేచింది. నా బొమ్మను మజ్జిగ తాగినంతసేపు చూశాడు. తర్వాత ఎండకు తాళలేక తూర్పు వసారాలోకి వెళ్ళాడు. పప్పు ఏరుతున్న అవ్వా, కోడలూ కాస్త జరిగి చోటిచ్చారు. అక్కడ టోపీ తీసి, చెమట తుడుచుకుని, “ఈడ చల్లగా ఉండాదే,” అన్నాడు.