కూసోవెట్టే కొబ్బరికాయ

భువనగిరి గుట్ట కనబడేంత దూరంలో ఒక మగ్గాల ఊరుంది. ఆ ఊళ్లో వెంకటరాజం అంటే మాటకారి అని పేరు. ఒక మాట అడిగితే నాలుగు చెప్పేవాడు. ఇప్పుడు నాలుగడిగితే ఒక్కటి కూడా చెప్పడం లేదు. ఆ మనిషి నోరు ఎందుకు మూతపడిందో తెలియాలంటే అతను పని నేర్చుకున్న రోజుల నుంచి రావాలి.

తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి తీసుకెళ్లి వీరేశం అనే పెద్ద నేతగాడి ఇంట్లో అప్పజెప్పింది. జీతం లేదు, రెండు పూటలా తిండి అంతే. కండెలు చుట్టాలి, తెగిన పోగులు అతకాలి, పేక పోగును అటూ ఇటూ విసిరే నాడెను ముట్టుకుంటే వేళ్ల మీద ఒకటి పడుతుంది. వీరేశం నోరు మంచిది కాదు గానీ మాట మంచిది. ఆ ఇళ్లలో అప్పట్లో ఒక పద్ధతుండేది. జీతం లేకుండా పని నేర్చుకున్నవాణ్ని చివరికి గురువే మగ్గంలో కూర్చోబెట్టాలి. శిష్యుడు తను నేసిన మొదటి బట్ట, ఒక కొబ్బరికాయ తెచ్చి ముందర పెడతాడు. గురువు కాయ కొట్టి, నేతగాడు కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలోంచి పైకి లేచి, "ఇగ నువ్వు దిగు" అంటాడు. ఆ మాట పడిందంటే బతుకుదెరువు దొరికినట్టే. ఊరికే పని చేయించుకుని ఆ మాట అనకుండా పంపేసినవాడి గడప ఎవరూ తొక్కేవాళ్లు కాదు.

వెంకటరాజానికి ఆ మాట పడిన రోజు అతను గుంటలో కాళ్లు పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత పెళ్లయింది. వెంకటనర్సమ్మ ఆ ఇంటికొచ్చి, నూలు పట్టి, రంగులద్ది, అతని కంటే ముందు లేచి అతని కంటే వెనక పడుకుంది. ఒక్కతే బిడ్డ, శ్రీలత. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ పిల్ల బడి పిల్లలతో జెండా పట్టుకుని ఊరంతా తిరిగింది. తర్వాత భువనగిరిలో డిగ్రీలో చేరింది, ఎకనామిక్స్. ఆ చదువేమిటో వెంకటరాజానికి అంతుబట్టలేదు గానీ, ఒక్కటి మాత్రం గట్టిగా అనుకున్నాడు. ఈ పిల్ల గుంటలో కాళ్లు పెట్టొద్దు. నేత మీద అతనికి కోపమేమీ లేదు. మోకాళ్ల మీద ఉంది. దవాఖానలో డాక్టరు ఇక గుంటలోకి దిగొద్దంటే, "దిగకుంటె పొయ్యి ఎట్ల అంటుకుంటది సారూ" అని నవ్వి వచ్చేశాడు. బిడ్డ ఎక్కడైనా కూర్చునేదాకా తను దిగాలి, అంతే లెక్క.

రెండో సంవత్సరంలో ఒకనాడు శ్రీలత కాలేజీ నుంచి ఎగురుకుంటూ వచ్చింది. వాళ్లకు పాఠం చెప్పే రఘుపతి సారు క్లాసులో ఉన్నమాట చెప్పేశాడట. ఉత్త ఎకనామిక్స్ పట్టుకుని బయటికి పోతే ఎవరూ పలకరించరు, దానితోపాటు మైనర్ ఒకటి తీసుకోండి, చదువయ్యేలోపు ఇంటర్న్‌షిప్ చేయండి అని.

"మైనరంటె ఏంది బిడ్డా?"

"అసలు చదువు ఎకనామిక్సే బాపూ. దాని పక్కపొంటి ఇంకో సబ్జెక్టు గూడ చదువుడు. నేను స్టాటిస్టిక్స్ తీసుకుంట. లెక్కలన్ని కంప్యూటర్ల ఎక్కిచ్చి జూసుడు."

వెంకటరాజం ముఖం వెలిగిపోయింది. "గంతేనా! పడుగొక్కటే ఉంటె బట్ట ఎట్లయితది? పేక గూడ పడాలె. మంచిగ జెప్పిండు మీ సారు. మరి గా రెండోది?"

"ఇంటర్న్‌షిప్పా? ఏదన్న ఆఫీసుల కొన్ని నెలలు పని నేర్చుకునుడు. జీతమియ్యరు. మంచిగ జేస్తె వాళ్లే తీసుకుంటరంట."

ఇది వినగానే అతనికి ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది. జీతం లేకుండా పని నేర్చుకోవడం, చివరికి వాళ్లే కూర్చోబెట్టడం. ఇంత పెద్ద చదువులు కూడా తిరిగి తిరిగి వీరేశం ఇంటికే వచ్చాయని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు. పాపం, అతనికి తెలిసిన లోకంలో పని నేర్పడమంటే అదే.

మైనర్ సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. పేపరు మీద సబ్జెక్టుంది, చెప్పే మనిషి లేడు. వేరే కాలేజీ నుంచి ఒకాయన వారానికోసారి వస్తానన్నాడు. కొన్ని వారాలు వచ్చాడు, తర్వాత అదీ లేదు. శ్రీలత ఫోన్‌లో వీడియోలు చూసుకుంటూ నేర్చుకుంది. మగ్గం చప్పుడుకు వినబడక చెవుల్లో దూది పెట్టినట్టు ఇయర్‌ఫోన్లు కుక్కుకుని కూర్చునేది. వెంకటరాజం అది చూసి నేత ఆపేసేవాడు. బిడ్డ చదువు కోసం నాడె ఆపడమంటే ఆ ఇంట్లో అన్నం ఆపడమే. అయినా ఆపాడు.

ఆఖరి సంవత్సరంలో హైదరాబాదులో ఇంటర్న్‌షిప్ దొరికింది. జనాల ఖర్చులూ అలవాట్లూ సర్వే చేసి పెద్ద కంపెనీలకు అమ్ముకునే ఆఫీసు. శ్రీలత హాస్టల్లో చేరింది. రోజూ ఫోన్ చేసేది.

"ఏం పని జెప్తున్నరు బిడ్డా?"

"ఫోన్లు జేసుడు బాపూ. ఏ సబ్బు వాడ్తరు, ఏ నూనె కొంటరు అని అడిగి కంప్యూటర్ల కొట్టుడు."

"మరి నువ్వు చదివిన లెక్కలు?"

"అవి మళ్ల జెప్తరంట."

"మొదట్ల అంతే బిడ్డా. నన్ను గూడ పోగులతుకుమన్నరు. ఫికరు జెయ్యకు, ఆఖరికి కూసోవెడ్తరు."

ఆ పిల్ల అవునని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఇంటర్న్‌షిప్ అయిపోయే రోజు దగ్గరపడింది. వెంకటరాజం తనకు తోచిన పెద్దపని ఒకటి మొదలుపెట్టాడు. బిడ్డకు పని నేర్పిన గురువుకు ఇవ్వడానికి మగ్గం మీద ఒక దుప్పట్టా ఎక్కించాడు. ఎర్ర నూలు, అంచుకు చిన్న చిన్న చిలుకలు. మోకాళ్లు వాచి, రాత్రి నర్సమ్మ ఆముదం రాస్తుంటే పళ్లు బిగబట్టుకునేవాడు గానీ పొద్దున మళ్లీ దిగేవాడు. ఆ బట్ట కోసేసిన రోజే మగ్గం విప్పి కట్టెలు గోడకు చేర్చాడు. గుంటను మట్టితో పూడ్చి, నీళ్లు చల్లి, కాళ్లతో తొక్కి చదును చేశాడు.

నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. "జర ఆగరాదు. ఆఫీసోళ్లకు మన పద్ధతేమెరుక?"

"పని జేపిచ్చుకున్నోడు మనిషే గదనే. గంత ఎరుక లేకుంట ఉంటడా?"

తెల్లారి దుప్పట్టా సంచిలో పెట్టుకుని, ఒక కొబ్బరికాయ కొనుక్కుని బస్సెక్కాడు. బిడ్డకు చెప్పలేదు. గురువు కాయ కొట్టే వేళకు ఎదురుగా నిలబడి చూడాలని అతని ఆశ.

ఆఫీసు అద్దాల మేడ. వాకిట్లో సెక్యూరిటీ అతను కొబ్బరికాయ చూసి, ఇది లోపలికి పోనియ్యరని తన బల్ల కింద పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లాక శ్రీలత కనబడింది. ఒక మూల బ్యాగు భుజానేసుకుని నిలబడి ఉంది. తను కూర్చునే చోటు ఇదే అని ఫోన్‌లో ఒకసారి ఫోటో పంపింది, కిటికీ పక్కన కుర్చీ. ఆ కుర్చీలో వేరే పిల్ల కూర్చుని ఉంది. పక్క కుర్చీల్లోనూ కొత్తవాళ్లే. ఎవరి మెడలో చూసినా శ్రీలత మెడలో ఉన్నటువంటి తాడు కార్డే.

"బాపూ! నువ్వెందుకొచ్చినవ్?" శ్రీలత ముఖం తెల్లబోయింది.

అంతలో వాళ్ల పైమనిషి శివకృష్ణ వచ్చాడు. కుర్రవాడే, నవ్వుముఖం. వెంకటరాజం రెండు చేతులతో దుప్పట్టా అందించాడు. "మా బిడ్డకు పని నేర్పిండ్రు సారూ. గిది నేను నేసిన."

"వావ్, హ్యాండ్‌లూమ్! థాంక్యూ అంకుల్." శివకృష్ణ దుప్పట్టా మెడలో వేసుకుని శ్రీలతను పక్కన నిలబెట్టి ఫోటో తీయించుకున్నాడు. "చాలా సిన్సియర్‌గా చేసింది. సర్టిఫికెట్ కూడా ఇచ్చేశాం."

వెంకటరాజం కదలలేదు. శివకృష్ణ ఇంకేదో అంటాడని నిలబడ్డాడు. ఆఖరికి తనే అడిగాడు. "మరి ఎక్కడ కూసోవెడ్తరు సారూ?"

"ఎవరిని?"

"శ్రీలతను."

శివకృష్ణ శ్రీలత వైపు చూశాడు. శ్రీలత నేల చూసింది. "ఇంటర్న్‌షిప్ అంటే ఉద్యోగం కాదు కదంకుల్. ఇవాళ్టితో అయిపోయింది. నెక్స్ట్ బ్యాచ్ కూడా వచ్చేసింది" అన్నాడు. ఆ మాటలో దురుసు లేదు. ఉంటే కనీసం తిట్టుకోవడానికైనా ఉండేది. చూడబోతే ఆ ఆఫీసులో ఇలాంటి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఆ కుర్చీల్లో ఊరికే పనిచేసి, ఊరికే లేచిపోతున్నారు. దిగమనేవాడు ఎవడూ లేడు. గుంట మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

బయటికొస్తుంటే సెక్యూరిటీ అతను వెనకనుంచి కేకేసి కొబ్బరికాయ చేతికిచ్చాడు. బస్సులో అది ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు వెంకటరాజం. ఉప్పల్ దాటాక శ్రీలత నోరు విప్పింది. "నాకు మొదట్లనే ఎరుకైంది బాపూ. ఎవ్వల్ని తీసుకోరని. నువ్వు కూసోవెడ్తరు కూసోవెడ్తరు అనుకుంట మురుస్తుంటివి. చెప్ప మనసొప్పలే."

"గుంట పూడ్చిన బిడ్డా" అన్నాడు వెంకటరాజం. మాటకారి నోరు ఆ బస్సులోనే మూతపడింది.

తర్వాత జరిగిందంతా దిగజారడమే. డిగ్రీ చేతికొచ్చింది గానీ మైనర్ రాలేదు, క్లాసులు జరగలేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేమన్నారు. శ్రీలత రఘుపతి సారును అడుగుదామని కాలేజీకి పోతే ఆయనే లేడు. ఆయన గెస్టు లెక్చరరట, ఈ ఏడు మళ్లీ పిలవలేదట. ఫోన్ చేస్తే, "నేను గూడ వెతుక్కుంటున్నమ్మా. నీకేం జెప్పను" అన్నాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్, హైదరాబాదు, ఎక్కడ అడిగినా అనుభవముందా అన్నారు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ చూపిస్తే అది అనుభవం కిందికి రాదన్నారు. ఒకచోట మాత్రం వెంటనే చేరమన్నారు. తీరా కనుక్కుంటే అదీ ఇంటర్న్‌షిప్పే, జీతం లేదు.

ఇంట్లో మగ్గం లేదు. నర్సమ్మ పక్కింట్లో నూలు పట్టడానికి పోతోంది. వెంకటరాజం పూడ్చిన గుంట మీద మంచం వేసుకుని గోడకు చేర్చిన కట్టెల వైపు చూస్తూ కూర్చుంటున్నాడు. అతనికి బతుకు మీద రోత పుట్టింది. ఆ మాట అతను అనలేదు గానీ, అన్నం ముందు కూర్చున్నప్పుడు అతని ముఖంలో కనబడేది.

ఒకనాటి పొద్దున గడ్డపార చప్పుడుకు అతనికి మెలకువ వచ్చింది. మంచం పక్కకు జరిపి శ్రీలత నేల తవ్వుతోంది. చున్నీ నడుముకు బిగించింది, ముఖమంతా మట్టి.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"నీ మోకాళ్లు పనికిరావు. అమ్మ ఒక్కతి ఎంతని జేస్తది? నేను దిగుత."

"నువ్వు చదువుకున్నవ్."

"చదువుకున్న. ఎవ్వలు కూసోవెట్టకపోయిరి." ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు. తవ్వడం ఆపలేదు.

ఆమెకు సాయంగా నర్సమ్మ మట్టి తట్టలకెత్తి బయట పోసింది. పొద్దెక్కేసరికి గుంట మళ్లీ గుంటయింది. ముగ్గురూ కలిసి మగ్గం నిలబెట్టారు. అప్పుడు శ్రీలత లోపలికి పోయి, మూలన పడి ఉన్న ఆ కొబ్బరికాయ తెచ్చింది. ఎండిపోయింది, ఊపితే లోపల కురిడీ కొట్టుకుంటోంది.

"కొట్టు బాపూ. పద్ధతి ప్రకారమే దిగుత."

వెంకటరాజం చేతులు వెనక్కి తీసుకున్నాడు. నర్సమ్మ కళ్లొత్తుకుంటూ అతని వైపు చూసింది. శ్రీలత కాయ అలాగే పట్టుకుని నిలబడింది. చాలాసేపటికి అతను తీసుకుని మగ్గం కట్టెకు కొట్టాడు. చుక్క నీళ్లు రాలేదు.

శ్రీలత గుంట అంచున కూర్చుని అతని నోటి వైపే చూస్తోంది. వెంకటరాజం కాయ చెక్కలు కింద పెట్టాడు.

"ఇగ నువ్వు దిగు" అన్నాడు.

బిడ్డకు ఆ మాట తన నోటి నుంచి రాకూడదనే అతను ఇన్నేళ్లూ నేసింది.